మాంత్రికుడి గడ్డం, చిలకలో ప్రాణం

తెలుగువాళ్ళు కల్పించుకున్న జానపద లోకంలో మాయకు లెక్కాపత్రం ఉంది. కాశీమజిలీ కథల్లో, ఊరూరా పాడిన బాలనాగమ్మ కథలో, విజయావారి ‘పాతాళభైరవి’లో, ‘చందమామ’ సీరియళ్ళలో మాంత్రికుడు చెయ్యి ఊపగానే అన్నీ జరిగిపోవు. ఎవరిని ఉపాసించాడు, ఏం బలి ఇచ్చాడు, శక్తిని ఎక్కడ దాచాడు, ఏ నియమం తప్పితే అది పోతుంది అన్నవి కథ ఎక్కడో ఒకచోట చెప్పి తీరాలి. చెప్పకుండా దాటేసిన కథకుణ్ణి పిల్లలు కూడా నిలదీస్తారు. మాయలో రకాలనూ మాయగాళ్ళలో రకాలనూ విడదీసి చూపేవి ఈ నియమాలే.

అందరికన్నా పాతవాడు సిద్ధుడు. అతని శక్తి తపస్సు వల్ల, యోగం వల్ల వస్తుంది. అణిమ, మహిమ, గరిమ, లఘిమ, ప్రాప్తి, ప్రాకామ్యం, ఈశత్వం, వశిత్వం అనే అష్టసిద్ధుల పేర్లు శాస్త్రాల్లోంచి కథల్లోకి వచ్చాయి గాని, కథల్లో సిద్ధుడి చేతికి ఎక్కువగా కనిపించేవి పసరు, లేపం, మణి. సిద్ధుడు అడిగితే ఇస్తాడు. తీసుకున్నవాడు దాన్ని ఎలా వాడుకుంటాడన్నదే కథ.

దీనికి మంచి ఉదాహరణ కృష్ణదేవరాయల ఆస్థానంలో దొరుకుతుంది. అక్కడి కవి అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో అరుణాస్పదపురం బ్రాహ్మణుడు ప్రవరుడు. ఇల్లు కదలనివాడు, కాని తీర్థాల కబుర్లంటే చెవి కోసుకుంటాడు. అతిథిగా వచ్చిన సిద్ధుడు అతని పాదాలకు ఒక లేపం రాస్తాడు. ప్రవరుడు ఆ క్షణమే హిమాలయాల్లో ఉంటాడు. మంచుకొండల్లో తిరుగుతుంటే కాళ్ళకింది మంచు తడికి లేపం కాస్తా కరిగిపోతుంది. ఇక ఇంటికి వెళ్ళే దారి లేదు. వరూధిని కనబడేది ఆ ఇబ్బందిలోనే. మందు పనిచేసే చోటు కాలు, దాన్ని చెరిపేసేది నీరు. కవి ఎక్కడా మోసం చెయ్యలేదు. తీసుకుపోయిన చోటే మందుకు విరుగుడు పెట్టాడు, అంతే.

అదే కావ్యంలో రెండో రకం మాయ కూడా ఉంది. వరూధిని లోగడ తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుడి రూపం ధరించి ఆమె దగ్గరికి వస్తాడు. ఇది కామరూప విద్య. వేషం ఎంత బాగా కుదిరినా వాడికి భయం పోలేదు. అందుకే కళ్ళు మూసుకోవాలని ఆమెకు షరతు పెడతాడు. రూపం మార్చినవాడు తన గుట్టు కాపాడుకోవడానికి షరతు పెట్టడం తర్వాతి జానపద కథల్లో లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది. ఆ షరతు విన్నప్పుడే శ్రోతకు అనుమానం మొదలవుతుంది.

ఐంద్రజాలికుడు వేరే జాతి. అతను లోకాన్ని మార్చడు, చూసేవాడి కళ్ళను మారుస్తాడు. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు రాసిన ‘సింహాసన ద్వాత్రింశిక’లో ఈ విద్య మొత్తం ఒకే కథలో కనిపిస్తుంది. ఒక వీరుడు భార్యను వెంటబెట్టుకుని రాజసభకు వస్తాడు. దేవతల తరఫున యుద్ధానికి పోతున్నానని, తిరిగి వచ్చేదాకా ఆమెను కాపాడమని రాజుకు అప్పగించి ఆకాశంలోకి వెళ్తాడు. కాసేపటికి పైనుంచి చేతులు, కాళ్ళు, తల తెగి పడతాయి. ఆమె సహగమనం చేస్తానంటుంది. రాజు వారించలేకపోతాడు. చితి ఆరుతుంది. అంతలో ఆ వీరుడు నవ్వుకుంటూ దిగివచ్చి, నా భార్య ఏదని అడుగుతాడు. సభ అంతా తలలు వంచుకున్నాక గాని అది ఇంద్రజాలమని బయటపడదు. రాజు బహుమానాలిచ్చి పంపుతాడు. ఇందులో బలి లేదు, ఉపాసన లేదు, పగ లేదు. కోరింది మెప్పు, దక్కింది కానుక. సంతలో గారడీవాడికీ ఇతనికీ పనిలో తేడా లేదు, సభ మాత్రమే పెద్దది. ఐంద్రజాలికుణ్ణి ఏ కథా చంపకపోవడానికి కారణం కూడా ఇదే.

మాంత్రికుడి సంగతి అలా కాదు. మంత్రశాస్త్రం చెప్పే శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషం, ఉచ్చాటనం, మారణం అనే ఆరు కర్మల్లో మొదటిదాని జోలికి అతను పోడు. మిగతా అయిదూ అతని రోజువారీ పని. వశ్యంతో రాజకుమార్తెను రప్పిస్తాడు, స్తంభనంతో సైన్యాన్ని రాళ్ళు చేస్తాడు. అయితే ఈ పనులకు కావలసిన శక్తి అతని సొంతం కాదు, దేవత దగ్గర తెచ్చుకున్న అప్పు. అప్పు తీర్చాలంటే బలి కావాలి. బలి కావలసినవాడు మామూలువాడై ఉండకూడదు, లక్షణాలున్న వీరుడై ఉండాలి. మాంత్రికుడి కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది: తన పని జరగాలంటే తనను ఓడించగలవాణ్ణే వెతికి ఇంటికి పిలుచుకోవాలి. భేతాళ కథల్లో విక్రమార్కుడి చేత శవాన్ని మోయించిన భిక్షువు చేసిన పొరపాటు ఇదే. దేవతకు సాష్టాంగపడమన్నాడు. ఎలా పడాలో చూపించమన్నాడు రాజు. వంగిన తల తెగింది.

ఈ సూత్రాన్ని తెలుగు తెరమీద అందరికన్నా బాగా వాడింది ‘పాతాళభైరవి’. 1951 మార్చి 15న విడుదలైన ఈ సినిమాకు కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాసిన కాశీమజిలీ కథల నుంచి, అల్లావుద్దీన్ కథ నుంచి సరుకు తీసుకున్నారు. నేపాళ మాంత్రికుడికి పాతాళభైరవి ప్రతిమ కావాలి. దానికి కథానాయకుడు తోటరాముడు బలి కావాలి. ఉజ్జయిని రాజకుమారిని పెళ్ళాడటానికి రాముడికి సంపద కావాలి. ఇద్దరికీ అవసరం ఉంది కాబట్టే బేరం కుదిరింది. చివరికి బలి ఇవ్వబోయినవాడే బలి అవుతాడు, ప్రతిమ రాముడి చేతికి వస్తుంది. శిష్యుడు సదాజప సంజీవనితో గురువును బతికించుకోవడంతో రెండో సగం మొదలవుతుంది. ఆ సగం రాముడి స్నేహితుడు అంజిది. సదాజప వేషంలో మాంత్రికుడి పంచన చేరి, రాజకుమారి మెచ్చాలంటే గడ్డం తీసెయ్యాలని అంజి నచ్చజెబుతాడు. గడ్డం పోయింది, దానితోపాటు శక్తులూ పోయాయి. పాతాళం దాకా దిగివెళ్ళి దేవతను మెప్పించినవాడు మంగలికత్తికి ఓడిపోయాడు. ఎస్.వి.రంగారావు ఆ పాత్రను భయంకరంగా, కాస్త ముచ్చటపడేలా నటించాడు కాబట్టే ఆ ఓటమి నవ్వు పుట్టిస్తుంది, జాలి కూడా కలిగిస్తుంది. తెలుగులో ‘డింభకా’ అన్న పిలుపు వినగానే ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ గొంతే.

శక్తి గడ్డంలో ఉండటం ఒక పద్ధతి. ప్రాణాన్నే ఒంట్లోంచి తీసి వేరేచోట దాచడం ఇంకో పద్ధతి. దీనిలో ఆరితేరినవాడు బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు, సినిమాల్లో మాయల మరాఠి. బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిరాజును రాయి చేస్తాడు. కత్తికి తెగడు, బాణానికి చావడు, ఎందుకంటే అతని ప్రాణం సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. బాలనాగమ్మ వ్రతం పేరు చెప్పి గడువు అడుగుతుంది, ఏళ్ళ తరబడి అతన్ని దూరం ఉంచుతుంది. కొడుకు బాలవర్ధిరాజు పెద్దవాడై పూలు కట్టే ముసలమ్మ మనవడిగా లోపలికి చేరాక, ఫకీరును లాలించి చిలక గుట్టు చెప్పించేది కూడా ఆమే. చిలక రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి పడిపోతుంది, మెడ తిప్పితే చస్తాడు. ఈ కథలో గెలిచింది ఖడ్గం కాదు, ఓపిక. ఊళ్ళలో ఆడవాళ్ళు ఈ కథను అంత ఇష్టంగా విన్నది ఊరికే కాదు. 1942లో జెమినీవారు కాంచనమాల, గోవిందరాజుల సుబ్బారావులతో, 1959లో వేదాంతం రాఘవయ్య అంజలీదేవి, ఎస్.వి.రంగారావులతో దీన్ని సినిమాగా తీశారు.

మాయ మనిషిలో కాక వస్తువులో ఉండే రకం వేరే. ‘కీలుగుర్రం’ (1949)లో కొయ్యగుర్రం, అదే ఏడాది వచ్చిన ‘గుణసుందరి కథ’లో మహేంద్రమణి, ‘పాతాళభైరవి’లో పాదుకలు ఈ కోవలోవే. వస్తువు మంచీ చెడూ చూడదు, పట్టుకున్నవాడి మాట వింటుంది. కాబట్టి ఈ కథలన్నీ దొంగతనాలమీద, మోసాలమీద నడుస్తాయి. పోగొట్టుకున్నవాడు తన లోకానికి తిరిగి పోలేడు. 1990 నాటి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రజ భూమ్మీద చిక్కుకుపోవడం, కరిగిన లేపంతో హిమాలయాల్లో ప్రవరుడు నిలబడిపోవడం ఒకే సూత్రానికి రెండు రూపాలు.

మాయగత్తెలకు ఈ లోకంలో చోటు తక్కువే. బాలనాగమ్మ కథలో ఫకీరు పక్కన ఉండే సంగు, ‘కీలుగుర్రం’లో రాజును వలలో వేసుకునే రాక్షసి లాంటివాళ్ళు గుర్తుంటారు గాని, వాళ్ళు విద్య ఎక్కడ నేర్చారో కథలు చెప్పవు. మగ మాంత్రికుడికి గురువు, గుహ, ఉపాసన అన్నీ ఉంటాయి. ఆడవాళ్ళ మాయను పుట్టుకకో మోహానికో అంటగట్టి వదిలేస్తారు. ఈ సంప్రదాయంలో ఒప్పుకోవలసిన లోపం ఇది. శిష్యుడికి మాత్రం మంచి కథలు దక్కాయి. గురువు దగ్గర విద్య నేర్చి గురువునే మించడం అనే కథ ప్రపంచమంతా ఉంది, తెలుగులో 1963లో ‘గురువును మించిన శిష్యుడు’ పేరుతో సినిమాగా వచ్చింది. తీసింది ఉడుపి ప్రాంతంలో పుట్టి, కన్నడ సినిమాలతో మొదలుపెట్టి తెలుగుకు వచ్చిన బి.విఠలాచార్య. తక్కువ ఖర్చులో అస్థిపంజరాలను ఆడించి, మనిషిని మేకను చేసి చూపినవాడు. హీరో కాల్షీట్లు ఇవ్వకపోతే అతన్ని చిలకగానో మేకగానో మార్చి షూటింగు సాగించేవాడని సినిమావాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, శాపానికి ఇంతకంటే అక్కరకొచ్చే ప్రయోజనం మరొకటి లేదు.

ఇదే లోకాన్ని నెలనెలా ఇంటికి చేర్చింది ‘చందమామ’. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఈ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటి సీరియళ్ళు రాశాడు. వాటికి చిత్రకారుడు చిత్రా బొమ్మలు వేశాడు. ‘ముగ్గురు మాంత్రికులు’ అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథకు తెలుగు వేషం. జాలరి పింగళుణ్ణి మాంత్రికుడు పద్మపాదుడు నిధి దగ్గరికి తీసుకువెళ్తాడు. ఇక్కడ కూడా మాంత్రికుడికి దారి తెలుసు, తలుపు తెరవాల్సింది మాత్రం మామూలు మనిషి. దాసరి మాంత్రికులు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటారు, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. సీరియల్ నెలల తరబడి నడవాలంటే ఆ కొరత కావాలి.

కన్నడ ‘చందమామ’ 1949 నుంచి వచ్చింది. రాయచూరు జిల్లా లాంటి రెండు భాషల నేలకు అది బాగా సరిపోయింది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఈ జిల్లాలో, తుంగభద్ర నీళ్ళు వచ్చాక సింధనూరు, మాన్వి వైపు తెలుగు రైతుల క్యాంపులు వెలిశాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచేచోట ఒకే మాంత్రికుణ్ణి రెండు లిపుల్లో చదవొచ్చు.

ఇదే నేలమీద మంత్రం పేరుతో మరో కథ కూడా నడిచింది, అది కల్పన కాదు. తెలంగాణలోనూ ఈశాన్య కర్ణాటకలోనూ బాణామతి పేరు చెప్పి మనుషుల మీద నింద వేయడం, కొట్టడం జరుగుతూ వచ్చింది. నిందపడేది ఎక్కువగా పేదవాళ్ళ మీద, ఒంటరి ఆడవాళ్ళ మీద. కథలో మాంత్రికుడు బలవంతుడు, ఊళ్ళో మాంత్రికుడని ముద్రపడినవాడు దిక్కులేనివాడు. ఈ రెంటినీ కలిపి చూడటం కథకూ అన్యాయమే, మనిషికీ అన్యాయమే. కర్ణాటక ప్రభుత్వం అమానుష దురాచారాలను, చేతబడిని నిషేధిస్తూ 2017లో చట్టం చేసింది. 2020 జనవరి నుంచి అది అమల్లో ఉంది.

కథల్లోని మాయ తర్వాతి రోజుల్లో పలచబడింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక ఏదైనా చూపించవచ్చన్న ధీమాతో షరతులు చెప్పడం మానేశారు. నిప్పులు, మెరుపులు పెరిగాయి, మాంత్రికుడు ఎందుకు గెలుస్తున్నాడో ఎందుకు ఓడుతున్నాడో తెలియకుండా పోయింది. 1994లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘భైరవద్వీపం’ దీనికి మినహాయింపు. అందులో బలికి రాజకుమారి కావాలి, ఆమెను కాపాడాలంటే హీరో తన అందాన్ని వదులుకుని కురూపి కావాలి. ప్రతి శక్తికీ ధర ఉంది, ఆ ధర ఎవరు కడుతున్నారో చూసేవాడికి తెలుస్తుంది. ఈ సంప్రదాయం పరిచయం లేనివాళ్ళు ‘పాతాళభైరవి’తో మొదలుపెట్టి, 1959 ‘బాలనాగమ్మ’ చూసి, ఆ తర్వాత ‘భైరవద్వీపం’కు రావడం మంచిది. చదివే అలవాటున్నవాళ్ళు ‘తోకచుక్క’తో మొదలుపెట్టవచ్చు.