విదేశాలలో ఖగోళశాస్త్ర పట్టం: ర్యాంకుల పట్టికలపై ఒక విమర్శ

తలుపుల వంటి ఊరి ఉన్నత పాఠశాలలో చదివే విద్యార్థి, "ఇంటరు తరువాత విదేశానికి పోయి ఖగోళశాస్త్రం చదువుతాను, ఏ విశ్వవిద్యాలయం మంచిది?" అని అడిగినాడనుకొందాం. ఉపాధ్యాయుడు సామాన్యంగా చేసే పని ర్యాంకుల పట్టిక తెరచి చూపడం. ఈ ప్రశ్నకు ఆ పట్టికలు సమాధానం చెప్పజాలవని మా అభిప్రాయం.

క్యు.ఎస్. వారి పట్టికలో భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం రెండూ కలిపి ఒకే శీర్షిక. ఘనపదార్థాల భౌతికంలో ఆరితేరిన విద్యాలయం నక్షత్రాల జోలికి అంతగా పోకపోయినా అందులో పై వరుసన కూర్చొనవచ్చును. విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి వేసే షాంఘై పట్టిక నోబెల్ బహుమతులను, పరిశోధన పత్రాలను లెక్కిస్తుంది. బహుమతి పొందిన ఆచార్యుడు మొదటి సంవత్సరపు తరగతికి వస్తాడా, రాడా అన్నది ఆ లెక్కలో చేరదు. వంటవాని పేరు విని విస్తరిలో ఏమి వడ్డించినారో చెప్పినట్లున్నది ఈ వరస.

ప్రాస్పెక్టస్‌లు ఇంకొక తీరు. అట్టమీద ఏదో కొండకొమ్మున ఉన్న పెద్ద దూరదర్శిని బొమ్మ ఉంటుంది. అటువంటి దూరదర్శినులపై కాలాన్ని పరిశోధకుల ప్రతిపాదనలను పరిశీలించి పంచుతారు. పట్ట విద్యార్థికి వాటిమీద చేయి పెట్టే అవకాశం అరుదు. అతడు అడగవలసినది చిన్న దూరదర్శినిని గూర్చి. దానిని తానే తిప్పి, నక్షత్రకాంతిని కొలిచి, కొలతలోని దోషాన్ని లెక్కగట్టి నివేదిక వ్రాసే వీలున్నదా? లండన్ యూనివర్సిటీ కాలేజీకి మిల్ హిల్ వద్దనున్న వేధశాలలో పట్ట విద్యార్థులకు ఈ పని నేర్పుతారు. లండన్ మబ్బుల సంగతి అందరెరిగినదే! మన అనంతపురపు సీమ ఆకాశం వారికుంటే ఇంకేమి చేసేవారో.

ఇంగ్లండులో చేరేనాడే విషయాన్ని ఎంచుకోవాలి. పట్టానికి మూడేళ్ళు, ఎం.ఫిస్. అయితే నాలుగేళ్ళు. అమెరికాలో నాలుగేళ్ళు, ప్రధాన విషయాన్ని సాధారణంగా చేరిన తరువాత నిశ్చయించుకొనవచ్చును. పదిహేడేళ్ళవాని మనసు మారదని ఎవరు హామీ ఇస్తారు?

వానను నమ్మి వేరుశనగ వేసే ఇంటికి డబ్బు చివరి ప్రశ్న కాదు, మొదటిది. హార్వర్డ్ వంటి కొద్ది విద్యాలయాలు విదేశీ విద్యార్థిని ఎన్నుకొనేటప్పుడు అతని ఆర్థికస్థితిని చూడవు. చేరినవానికి అవసరమైనంత సహాయం చేస్తాయి. అయితే వాటిలో చోటు దుర్లభం. జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో బోధనరుసుము లేదంటారు, నిజమే. కాని హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థుల వద్ద అర్ధసంవత్సరానికి 1500 యూరోలు తీసుకొంటున్నది. పైగా పట్ట తరగతుల బోధన చాలావరకు జర్మన్ భాషలోనే.

ఇంతకూ పట్టానికే పరదేశం పోవలెనా? వైను బప్పు తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బప్పు నిజాం కళాశాలలో చదివి, ఇక్కడే భౌతికశాస్త్రంలో పునాది వేసుకొని, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనంపై 1949లో హార్వర్డ్‌కు పోయినారు. ఆ ఏడు జూలైలోనే ఆయన ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టినారు. దానికి బప్పు పేరుతో పాటు ఆచార్యుడైన బోక్, సహవిద్యార్థి న్యూకర్క్‌ల పేర్లు కూడ వచ్చినవి. 1952లో డాక్టరేటు పొందినారు. తరువాత ఆయన, విల్సన్ కలిసి 1957లో ప్రకటించిన విల్సన్-బప్పు ఫలితం వర్ణపటంలోని కాల్షియం రేఖ వెడల్పునుబట్టి కొన్ని రకాల నక్షత్రాల నిజమైన ప్రకాశాన్ని చెబుతుంది. దీనికి ఆధారమైనది భౌతికశాస్త్రమే. "ఖగోళశాస్త్రం" అనే పేరు పట్టంమీద ఉండడంకంటె లోపల గణితం, భౌతికం ఎంత ఉన్నవన్నది ముఖ్యమనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం మాకు కనబడలేదు.

ఆనాడు లేని సౌకర్యాలు నేడున్నవి. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ 2011లో పట్ట తరగతులు ప్రారంభించినది. తిరుపతిలో ఐసర్ 2015లో వచ్చినది. తలుపులకు హైదరాబాదు కంటె బెంగుళూరే దగ్గర. ఆ నగరం పక్కన హొసకోటె నుండి, లడఖ్‌లోని హాన్లే వద్దనున్న రెండు మీటర్ల దూరదర్శినిని ఉపగ్రహ సంబంధంతో నడుపుతున్నారు. విదేశానికి దరఖాస్తు వ్రాసే ముందు ఈ రెండు సంస్థల పాఠ్యప్రణాళికలను, ఆ విదేశీ విద్యాలయపు రెండవ సంవత్సర గణిత ప్రణాళికను పక్కపక్కన పెట్టి ఉపాధ్యాయుడు, విద్యార్థి కలిసి ఒక సాయంత్రం చదివితే చాలును.