ఊరికి ఎడంగా, సముద్రానికి ఎదురుగా

ఇంగ్లాండ్ దక్షిణ తీరాన సీఫర్డ్ ఊరు దాటి వెళితే, కక్‌మియర్ నది సముద్రంలో కలిసేచోట గట్టు మీద కొన్ని చిన్న ఇళ్లు కనిపిస్తాయి. ఎదర సెవెన్ సిస్టర్స్ అనే తెల్లటి సుద్దకొండలు. 2007లో వచ్చిన ‘అటోన్‌మెంట్’ సినిమాలో ఈ ఇళ్లు కనిపిస్తాయి. ఇంత అందమైన చోట ఎవరో ముచ్చటపడి కట్టుకున్నారనిపిస్తుంది. కట్టించింది మాత్రం సర్కారు, దొంగసరుకు పట్టుకోవడానికి.

టీ, బ్రాందీ, పొగాకు మీద సుంకాలు మండిపోతున్న కాలమది. చీకటిపడ్డాక ఫ్రాన్స్ నుంచి పడవలు వచ్చేవి. ఊళ్లో చాలామందికి అందులో ఏదో ఒక వాటా. అంతవరకు విడివిడిగా తిరుగుతున్న కాపలా దళాలను 1822లో కలిపి కోస్ట్‌గార్డ్‌ను ఏర్పాటు చేశారు. సొంతూరివాడిని కాపలా పెడితే బావమరిది పడవను పట్టిస్తాడా? అందుకే దూరప్రాంతాల వాళ్లను తెచ్చి పెట్టేవారు. ఊరివాళ్లకు వాళ్లంటే గిట్టదు, అద్దెకు ఇల్లు దొరకదు. అలా పుట్టినవే ఈ వరుస ఇళ్లు.

ఆ కథంతా కట్టడంలోనే ఉంది. ఇళ్లన్నీ ఒకే కొలత, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్య గోడలు ఉమ్మడివి కావడంతో ఖర్చు తగ్గేది, గాలిదెబ్బ తగిలే గోడలూ తగ్గేవి. అర్ధరాత్రి ఒక తలుపు కొడితే వరుసంతా లేచేది. అధికారి ఇల్లు మాత్రం కాస్త పెద్దది, ఎక్కువగా వరుస చివర ఉండేది. దగ్గర్లోనే కాపలా గది, అందులో సముద్రం వైపు కిటికీ, దుర్భిణి. బయట జెండా కొయ్య, కింద పడవల కొట్టం. వెనక పెరట్లో కూరమడి. నాకు ఎక్కువ నచ్చేది ఆ కూరమడే. బదిలీ మీద వచ్చి, ఎన్నాళ్లుంటారో తెలియని మనుషులు ఉప్పుగాలిలో క్యాబేజీ పెంచుకున్నారు.

గోడలకు ఏ తీరంలో దొరికే రాయి ఆ తీరంలో వాడారు. ససెక్స్‌లో చెకుముకిరాయి, ఇటుక. కార్న్‌వాల్‌లో గ్రానైటు, పైన స్లేటు పలకలు. రాళ్ల మధ్య సున్నం, పైన తెల్లసున్నం పూత. మన పాత మేడల డంగుసున్నంలాగే ఇదీ గోడలోకి దిగిన తడిని మళ్లీ బయటికి వదులుతుంది. తరవాతి రోజుల్లో మరమ్మతు పేరుతో సిమెంటు పూసినచోట తడి లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, ఇటుక పొరలుపొరలుగా రాలుతుంది. ఇలాంటి ఇల్లు కొనుక్కున్నవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఇదే.

కాపలావాళ్ల నడక కూడా ఒక కట్టడమే అంటాను. ప్రతి సందులోకి, ప్రతి ఇసుకతిన్నె మీదికి తొంగిచూడాలి కాబట్టి కొండ అంచునే నడిచేవారు. వాళ్ల కాళ్లు వేసిన ఆ బాటలే నైరుతి ఇంగ్లాండ్‌లో సుమారు 1,014 కిలోమీటర్ల తీరబాటకు మూలం.

1856లో కోస్ట్‌గార్డ్ నౌకాదళం చేతికి వెళ్లింది. దొంగరవాణా తగ్గేకొద్దీ ఓడ పగిలినవాళ్లను ఒడ్డుకు చేర్చడం వాళ్ల ముఖ్యమైన పని అయింది. ఒకప్పుడు మొహం చాటేసిన ఊళ్లే వాళ్లకోసం ఎదురుచూసే రోజులొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో చాలా ఇళ్లు అమ్ముడుపోయాయి. సఫోక్ తీరాన డన్విచ్ హీత్‌లో 1827 నాటి వరుస ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ అనే సంరక్షణ సంస్థ చేతిలో ఉంది. అక్కడ కూర్చుని టీ తాగొచ్చు. దొంగ టీ కోసం కాపలా కాసిన వాళ్ల ఇంట్లో!

కక్‌మియర్ నుంచి సుద్దకొండల మీదుగా తూర్పుకు నడిస్తే బర్లింగ్ గ్యాప్ వస్తుంది. అక్కడి వరుసను 1878లో కట్టారు. కింద సుద్ద విరిగిపడుతుంటే ఆ వరుస చివరినుంచి తగ్గుతూ వస్తోంది. 2014 చలికాలపు తుఫానుల తరవాత మరో ఇంటిని కూల్చక తప్పలేదు. ఒక్కో ఇల్లు పోయినప్పుడల్లా, దానికీ పక్కింటికీ మధ్య ఉన్న ఉమ్మడి గోడ బయటి గోడ అవుతుంది. పడగ్గది వెచ్చదనం తప్ప మరేమీ ఎరగని ఆ ఇటుకలకు మొదటిసారి సముద్రపు గాలి తగులుతుంది.