కన్యారాశి ప్రతీక – కృష్ణాతీర అన్వయం: ఒక పరిశీలన

బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణానదికి పుష్కరాలు వస్తాయి. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు విజయవాడ ఘాట్లలో జరిగినవి అటువంటివే. ఈ రాశి స్వరూపాన్ని క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహజ్జాతకంలో వర్ణించాడు. ఆమె నావలో ఉన్న కన్య. సస్యాన్ని, అగ్నిని ధరించినది. నావ, పైరు, నిప్పు అనే ఈ మూడు గుర్తులకు కృష్ణాతీర పాఠకుడు అన్వయం వెతుక్కోనక్కరలేదు. విజయదశమినాడు దుర్గాఘాట్ వద్ద దీపకాంతుల నడుమ హంసవాహనంపై సాగే తెప్పోత్సవం, కాలువల కింది వరిచేలు, నదిని 'కృష్ణమ్మ' అని పిలుచుకునే అలవాటు అతని కళ్లముందే ఉంటాయి. కన్యారూపం కృష్ణాతీరానికి ప్రతిబింబమని ఈ వ్యాసకర్త కూడా తొలుత ఒక అధ్యాయం ముసాయిదాలో రాసుకున్న మాట నిజం. ఆ నిర్ణయం ఆధారాల ముందు నిలవలేదు.

కన్యను నావలో నిలిపినవాడు వరాహమిహిరుడొక్కడే కాడు. డేవిడ్ పింగ్రీ పరిష్కరించి 1978లో ప్రకటించిన యవనజాతకంలోనూ ఆమె నీటిపై నావలో, దివిటీతో కనిపిస్తుంది. గ్రీకు జ్యోతిషం సంస్కృతంలోకి వచ్చిన దారిని ఆ గ్రంథనామమే సూచిస్తుంది. ఇక చేతిలోని పైరు అంతకన్నా ప్రాచీనం. బాబిలోనియావారి 'ముల్ అపిన్' పట్టికలో ఈ తారాసముదాయం పేరు నాగటిచాలు. దాని దేవత షాలా, ఆమె గుర్తు ధాన్యపు కంకి. ఇక్కడి ప్రకాశవంతమైన చుక్కకు లాటిన్‌లో స్పైకా, అంటే కంకి, అని పేరు. అదే మన చిత్తా నక్షత్రం. అయితే మన నక్షత్ర సంప్రదాయంలో చిత్తకు గుర్తు ముత్యం. కంకి రాశులతోపాటు వచ్చింది. ముత్యం నక్షత్రాలకు చెందినది. ఈ రెండు సంప్రదాయాలను కలిపి చదవడం వల్లనే నా ముసాయిదాలో చిక్కు మొదలైంది.

కాలక్రమం కూడా నా తొలి అన్వయానికి అనుకూలించదు. డెల్టాను నేటి వరిసీమగా మలచిన కాలువల వ్యవస్థకు మూలం 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట. వరాహమిహిరుని సస్యానికి దానితో సంబంధం ఉండే అవకాశం లేదు. పైగా పన్నెండు రాశులకు పన్నెండు నదులను జతచేసిన వరుసలో గోదావరికి సింహం వచ్చింది. రూపసాదృశ్యమే ఆధారమైతే గోదావరి మీద పడవలు లేవా, ఒడ్డున పైర్లు లేవా?

అయినా కన్య చేతిలోని కంకికి పుష్కరాలతో ఒక సంబంధం ఉంది. అది గణితానికి చెందినది. 2016 ఆగస్టు 12 నాటికి నిరయన లెక్కలో గురుడు కన్యలో అప్పుడే అడుగుపెట్టాడు; సాయన లెక్కలో అదే రాశి చివరి భాగంలో ఉండి, నెల తిరగకుండానే తులకు దాటాడు. రెండు లెక్కలకూ తేడా సుమారు 24 డిగ్రీలు. ఈ తేడాను నిర్ణయించే పద్ధతుల్లో బాగా వ్యాప్తిలో ఉన్న చిత్రాపక్షం చిత్తా నక్షత్రాన్ని 180 డిగ్రీల వద్ద, అంటే కన్యారాశి ముగిసే చోట, నిలుపుతుంది. ఆ పద్ధతిని పాటించే పంచాంగంలో పుష్కర ప్రవేశానికి కొలగుర్తు ఆ కంకి చుక్కే. ప్రతీకార్థం మరుగునపడి, చుక్క స్థానం మాత్రం లెక్కకు మిగిలింది.

రైతు వాడుకలో రాశి కంటే కార్తె ముఖ్యం. సూర్యుడు చిత్తలో ఉండే చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. ఆ రోజుల్లో డెల్టా సార్వా వరి చాలాచోట్ల పొట్టదశలోనో, ఈనికలోనో ఉంటుంది. బాబిలోనియాలో విత్తే చాలును తలపించిన చుక్కలు ఇక్కడ వెన్ను తీసే పైరుకు తోడయ్యాయి. ఇది యాదృచ్ఛికమే, కానీ డెల్టా పాఠకుడు కన్య చేతిలోని సస్యాన్ని వరివెన్నుగా చూడడానికి ఈ యాదృచ్ఛికత చాలు. అతని చదువును పొరపాటని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. అందుకే ఆ అధ్యాయాన్ని 'ప్రతీక పుట్టుక' భాగం నుంచి తీసి 'ప్రతీక అన్వయం' కింద చేర్చాను. తెప్పోత్సవం పేరాను మాత్రం అలాగే ఉంచాను.