వంటింట్లో మువ్వగోపాలుడు

పోయిన ఉగాదికి మా అమ్మాయి నా ఫోనులో పాటలు వినే ఏర్పాటు చేసిపెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపి, "ఇక నీ పాటల గోల మాకొద్దమ్మా, నువ్వొక్కదానివే విను" అంది. విన్నాను. ఏడాది తిరిగేసరికి వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ నేను విన్నది లెక్క చూసుకుంటే నాకే ఆశ్చర్యమేసింది.

విజయవాడ రేడియోలో పనిచేసిన వోలేటి వెంకటేశ్వర్లుగారి పాత కచేరీలు విన్నాను. హిందూస్తానీ గాలి సోకిన పాట ఆయనది. ఆయన పుణ్యమా అని రెండుసార్లు పాలు పొంగిపోయాయి. బాలమురళీకృష్ణగారు సొంతంగా కల్పించిన మహతి, లవంగి రాగాలు విన్నాను. నాలుగేసి స్వరాలతో అంతంత మేడలు కట్టడం ఆయనకే చెల్లింది. అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మేడ చూసి అబ్బురపడ్డానేగాని అందులో కాపురముండాలనిపించలేదు. ఆయన రామదాసు కీర్తన పాడినప్పుడే నాకు మనింటి మనిషిలా ఉంటారు.

అసలు ఈ ఏడాది నన్ను కదలనివ్వనివాళ్ళు ఇద్దరు అక్కచెల్లెళ్ళు, టి. బృంద, టి. ముక్త. వీణ ధనమ్మాళ్ మనవరాళ్ళు. ఇంట్లో మాట అరవం. వాళ్ళ గొంతులో బతికింది మాత్రం మన కృష్ణా జిల్లా మువ్వ పేరు పెట్టుకున్న గోపాలుడి మీద క్షేత్రయ్య చెప్పిన పదాలు. నాలుగు వేలకు పైగా చెప్పానని ఆయనే ఒక పదంలో లెక్క చెప్పుకున్నాడు. మనకు దక్కినవి కొన్ని వందలే.

మొదటిసారి విన్నప్పుడు, చెప్పొద్దూ, నిద్రొచ్చింది. ఒక్కొక్క అక్షరం అంతంత సాగితే చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోనూ? తెలుగు వచ్చినవాళ్ళకి కూడా తెలుగు అందకుండా పాడడం లోపమేనని ఇప్పటికీ అంటాను. విస్సా అప్పారావుగారు అచ్చువేయించిన పదాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అయిదారుసార్లు వింటేగాని నాకు మాటలు పట్టుబడలేదు.

పట్టుబడ్డాక మాత్రం వదల్లేదు. అతను రాత్రి ఎక్కడికి వెళ్ళొచ్చాడో ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసునని అతనికీ తెలుసు. అయినా ఆవిడ అరవదు. అన్న మాటే మళ్ళీ అంటుంది. మొదటిసారి అది ఎత్తిపొడుపు. రెండోసారి నిజంగానే అడుగుతోంది. ఆ తర్వాత, అడిగినందుకు తనే చిన్నబోతోంది. మాట మారలేదు, రాగం కదిలిన తీరు మారింది, అంతే. మన సినిమాపాటలో అయితే మూడున్నర నిమిషాల్లో అలిగి, ఏడ్చి, రాజీ కూడా పడిపోవాలి పాపం ఆ పిల్ల! ఇంకో సంగతి. చాలా పదాలను పల్లవి కాకుండా అనుపల్లవితో ఎత్తుకోవడం ఆ ఇంటి పద్ధతి. గొడవ సగంలో ఉండగా తలుపు తోసుకుని లోపలికెళ్ళినట్టుంటుంది మనకి. నవలలు రాసుకునేదాన్ని గనక నాకిది మరీ నచ్చింది. నేనైతే నాయికని గుమ్మం దాటించడానికే రెండు పేజీలు తినేస్తాను.

ఒక మధ్యాహ్నం సహానలో ఒక పదం వింటూ బియ్యం కడుగుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఇది మా అమ్మమ్మ కూనిరాగం! తెనాలిలో నూతిగట్టు దగ్గర బియ్యం కడుగుతూ ఇదే తీసేది. ఎవరైనా వస్తున్న అలికిడైతే చటుక్కున ఆపి త్యాగరాజ కీర్తన అందుకునేది. అదేదో ఆటనుకునేదాన్ని చిన్నప్పుడు.

అమ్మకి ఫోను చేశాను. "అవి మనం పాడే పాటలు కావే" అంది.

"మరెవరు పాడేవి?"

"నీకు తెలీదూ?" అంది.

తెలుసు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ పద్ధతిని చట్టం చేసి తీసేశారు. తీసెయ్యవలసిందే. కానీ దాంతోపాటు ఆ ఆడవాళ్ళు తరతరాలుగా కాపాడిన విద్యను కూడా మన ఇళ్ళవాళ్ళు గడప అవతలే ఉంచారు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో అచ్చువేయిస్తే ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించిందీ ఆ నాగరత్నమ్మగారే. అమ్మమ్మ ఏ పాట చాటున ఏ పాట దాచుకుందో చూడండి!

1976లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ బృందగారికి సంగీత కళానిధి ఇచ్చింది. ఆ తర్వాత పదేళ్ళకి కూడా మా అమ్మమ్మ అలికిడి వింటే పాట ఆపేస్తూనే ఉంది. అమ్మమ్మకి ఆ పదం ఎవరు నేర్పారో అడుగుదామంటే ఇప్పుడావిడ లేదు.

నేను ఊరుకోలేక ఆ పాట అమ్మ ఫోనుకి పంపించాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. అయిదోనాడు పొద్దున్నే తనే ఫోను చేసింది.

"అది అంత పైకెత్తకూడదే. మా అమ్మ ఇంకా కిందనుంచి తీసేది" అంది. నేను మాట్లాడలేదు. కాసేపాగి, వణుకుతున్న గొంతుతో రెండు వరుసలు పాడింది. మాటలతో సహా! అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో.

మూడో వరుసలో చటుక్కున ఆపేసింది.

"మీ నాన్నగారొస్తున్నారు. పెట్టేస్తున్నా."