నల్లమలకు ఏ నీలం?

కొండ గీయమంటే బడిపిల్లలు గీసే బొమ్మ ఒకటే: రెండు త్రికోణాలు, నడుమ పొద్దు, కింద ఏరు. కొండకు ఆకుపచ్చ, ఏటికి నీలం. బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర, కృష్ణ ఒడ్డున నిలబడితే ఏటి నీలం అబద్ధమని తేలిపోతుంది. వరద రోజుల్లో అక్కడ నీళ్లది మట్టి రంగు.

కొండల సంగతి తేలాలంటే కొల్లాపూర్ దాటి సోమశిల దాకా పోవాలి. శ్రీశైలం వెనుక జలాలకు అవతల నల్లమల. దగ్గరి గుట్ట మీద చెట్టూ బండా విడివిడిగా కనిపిస్తాయి. దాని వెనుకది బూడిద కలిసిన నీలం. ఆ వెనుకది ఆకాశంలో కలిసిపోయేంత పలచన. మూడింటి మీదా ఉన్నది ఒకే అడవి. మారింది నడుమనున్న గాలి మందం. గాలి అణువులు నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి, ముదురు కొండ ముందు ఆ నీలమే కంటికి ఆనుతుంది. ఎండాకాలం దుమ్ము లేస్తే అదే కొండ పాలిపోతుంది. వాన వెలిసిన మర్నాడు దగ్గరికి జరిగినట్టుంటుంది.

ట్యూబులో నీలాన్ని ఉన్నదున్నట్టు పూస్తే మాత్రం కొండ ప్లాస్టిక్ బిందెలా మెరుస్తుంది. అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపితే నీలం పొగరు అణిగి బూడిద తేలుతుంది. నీళ్లు పెంచితే కొండ దూరం జరుగుతుంది. ఆ బూడిద ఒక్కటే ఉంటే బొమ్మంతా దిగులు. పక్కన మోదుగుపూల ఎరుపు ఒక్క చుక్క పడితే మాఘ ఫాల్గుణాల పొద్దుటి హాయి.

తెలుగువాళ్లలో కొండ రంగులకు మనసిచ్చినవారు సంజీవదేవ్ (1914–1999). తుమ్మపూడి మాగాణుల మధ్య పుట్టి, యౌవనంలో హిమాలయాలు తిరిగారు. కులూలో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ ఇంట అతిథిగా ఉన్నారు. రోరిక్‌ది టెంపెరా: తళుకు లేని రంగు, గట్టి అంచులు. సంజీవదేవ్ పాస్టెల్ పట్టారు. అది పొడి రంగు, వేలితో రుద్దితే అంచు కరుగుతుంది. మంచుతెరకు అంతకన్నా అనువైనది లేదు.

అలాగని రోరిక్ ఊదాను తెచ్చి నల్లమలకు పూస్తే అతకదు. ఆ ఊదా మంచు మీద పడే నీడది. ఇక్కడ ఆకు రాల్చే అడవి. ఎండలు ముదిరేసరికి కొండంతా గోధుమ రంగుకు దిగుతుంది. గద్వాల, వనపర్తి డ్రాయింగు మాస్టార్లు పిల్లల్ని ఒక్కసారి రంగుల పెట్టెలతో సోమశిలకు తీసుకుపోవాలి, అదీ ఆకుపచ్చ ట్యూబు ఇంట్లోనే వదిలేయించి.