చుక్కల లెక్క తెలిసిన చేతులు

ఎడమ చేతి గడియారాన్ని డ్రిప్ చాంబర్ పక్కకు ఎత్తిపట్టి, రాలే చుక్కనూ సెకన్ల ముల్లునూ ఒకే చూపులో పట్టుకునే నర్సును ఎప్పుడైనా చూశారా? పదకొండు రోజులు అమ్మ మంచం పక్కన కూర్చుని నేను చూశాను. ఆ ప్రభుత్వాసుపత్రి వార్డులో ఒక హెడ్ సిస్టర్ ఉండేవారు. సెలైన్ గొట్టం మీది రోలర్‌ను బొటనవేలితో వెంట్రుకవాసి జరిపి వదిలేవారు. వెనకే ఉన్న నర్సింగ్ విద్యార్థిని నిమిషంపాటు లెక్కపెట్టి "నలభై రెండు మేడమ్" అనేది. కావలసిందీ సరిగ్గా నలభై రెండే. వీణ శ్రుతి చేసే వేళ్లలో తప్ప అంతటి నేర్పు నేనెక్కడా చూడలేదు.

ఆ నలభై రెండు ఊరికే రాలేదు. 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలని డాక్టరు రాశారు. సెలైన్ గొట్టం సెట్టు కవరు మీద 20 అని ఉంది, అంటే ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు. 500ని 20తో గుణిస్తే పదివేల చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 41.67. చుక్క ముక్కలుగా రాలదు కాబట్టి 42. కవరు చూడకుండా లెక్క మొదలుపెట్టిన పిల్లను ఆ సిస్టర్ ఒప్పుకునేవారు కాదు. "ముందు కవరు తిప్పమ్మా" అనేవారు. పదిహేను చుక్కల సెట్టయితే అదే ఆర్డరుకు 31 చాలు. తెలియక 42 పోనిచ్చారా, నాలుగు గంటల సీసా మూడు గంటలకే ఖాళీ.

నోటి లెక్కల్లో ఆవిడకు సాటి లేరు. గంటకు వెళ్లాల్సిన మిల్లీలీటర్లను ఇరవై చుక్కల సెట్టుకు మూడుతో, పదిహేను చుక్కల సెట్టుకు నాలుగుతో భాగించమనేవారు. మైక్రోడ్రిప్ సెట్టులో మి.లీ.కు అరవై చుక్కలు, గంటకు అరవై నిమిషాలు. "అరవైని అరవై మింగేస్తుంది" అనేవారు. గంటకు ఎన్ని మి.లీ. అయితే నిమిషానికి అన్నే చుక్కలు. పిల్లల వార్డులో దీని విలువ తెలుస్తుంది. 1957లో హాలిడే, సీగర్ అనే వైద్యులు చూపిన దారిలో, బిడ్డ బరువులో మొదటి పది కిలోలకు గంటకు కిలోకు నాలుగు మి.లీ., తర్వాతి పదికి రెండు, ఆపైన ఒకటి. 22 కిలోల బిడ్డకు 40, 20, 2 కలిపి 62 మి.లీ. మైక్రోడ్రిప్‌లో నిమిషానికి 62 చుక్కలు.

ప్రసూతి వార్డు సిస్టర్లది ఇంకో ఎత్తు. 500 మి.లీ.లో 5 యూనిట్ల ఆక్సిటోసిన్ కలిపితే మి.లీ.కు పది మిల్లీయూనిట్లు, ఇరవై చుక్కల సెట్టులో చుక్కకు అర. ఎనిమిది చుక్కలంటే నిమిషానికి నాలుగు మిల్లీయూనిట్లు. చెయ్యి తల్లి పొట్ట మీద, చెవి బిడ్డ గుండె చప్పుడు మీద, కన్ను చాంబర్ మీద పెట్టి ఆ చుక్కలను పెంచుతూ తగ్గిస్తూ ఉంటారే, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి!

ఈ సెలైన్ చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1832లో స్కాట్లండులో కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీళ్లు పంపినవాడు థామస్ లాటా. దానికి ముందే ఆ ఆలోచన చెప్పిన ఓషానెస్సీ తర్వాత మన దేశానికొచ్చి టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు.

మళ్లీ లెక్కకు వస్తే, దానికి అసలు పరీక్ష ఐసీయూలో. అరవై కిలోల రోగికి డోపమైన్, కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాములు. సిరంజిలో 50 మి.లీ.కు 200 మి.గ్రా. నిమిషానికి 300 మైక్రోగ్రాములు, గంటకు 18,000, అంటే 18 మి.గ్రా. మి.లీ.లో ఉన్నది 4 మి.గ్రా. కాబట్టి గంటకు 4.5 మి.లీ. మైక్రోకూ మిల్లీకీ మధ్య వెయ్యి రెట్లు. 4.5లో చుక్క జారితే 45! అందుకే 0.5లో ముందు సున్నా తప్పకుండా రాయాలి, 5 పక్కన చుక్క పెట్టి సున్నా ఎన్నడూ రాయకూడదు. సూత్రం బట్టీ పట్టమనేవాళ్లున్నారు. ప్రతి మెట్టులో మి.గ్రా., మి.లీ., నిమిషం అని రాసుకుని, కొట్టేస్తూ పోవాలనేది ఆ సిస్టర్ పద్ధతి. నేను ఆవిడ పక్షమే. బట్టీ పట్టిన సూత్రం అర్ధరాత్రి డ్యూటీలో మరుపుకొస్తుంది. యూనిట్లు రాసుకున్న లెక్క తన తప్పు తానే చూపిస్తుంది.

లెక్క కుదిరాక కూడా పని తీరదు. రోగి మోచెయ్యి మడిచినా, స్టాండు దించినా, కాన్యులా మూసుకుపోతున్నా చుక్క మారుతుంది. పావుగంటకు మళ్లీ చూడాలి. సీసాకు ప్లాస్టర్ పట్టీ అంటించి, ఏ గంటకు నీళ్లు ఎక్కడికి దిగాలో గీతలు గీయాలి.

ఇంత విద్యను ఇవాళ ఏం చేస్తున్నాం? రోలర్ ముట్టకుండానే రికార్డు పుస్తకాలు ఒకరివి చూసి ఒకరు నింపేసి పట్టా పుచ్చుకుంటున్న పిల్లలున్నారు. ఫోన్‌లో అంకెలు కొట్టి, వచ్చినదాన్ని కళ్లు మూసుకుని నమ్మేవాళ్లున్నారు. నీరసమంటే చాలు సెలైన్ పెట్టి, రోలర్ బార్లా తెరిచి, డబ్బు పుచ్చుకునే పల్లెటూరి గదులున్నాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిది గంటలకు రాసిన లీటరు సీసా, గుండె బలహీనమైన మా బాబాయికి రెండు గంటల్లోపే ఎక్కేసింది. ఆయాసంతో ఆయన పక్క మీద లేచి కూర్చున్నాడు. "సుమారుగా పెట్టాం" అన్నారు. సుమారు! మనిషి ఊపిరితో సుమారు బేరమా?

పంపులు రావాలి, అన్ని వార్డులకూ రావాలి. కానీ మామూలు పంపు మనం కొట్టిన అంకెనే నడుపుతుంది. 4.5కు బదులు 45 కొడితే 45నే నడుపుతుంది. ఆ అంకె తప్పని చెప్పగలిగేది కాగితం మీద లెక్క కట్టిన నర్సు ఒక్కతే.

అమ్మను ఇంటికి పంపిన రోజు స్టోర్ నుంచి వేరే రకం సెట్లు వచ్చాయి. ఆ విద్యార్థిని అలవాటుగా నలభై రెండు పెట్టబోయి, ఆగి, కవరు తిప్పింది. పదిహేను. రోలర్ బిగించి ముప్పై ఒకటికి తెచ్చింది. సిస్టర్ చూసి పక్క మంచానికి వెళ్లిపోయారు. నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు చేతులు జోడించి అడుగుతున్నాను: పరీక్షను గదిలోంచి మంచం పక్కకు తీసుకురండి. గడియారం, సెట్టు, రోగి బరువు ఇచ్చి లెక్క కట్టమనండి. కవరు తిప్పని పిల్లకు పట్టా ఇవ్వకండి.