ఇది లుంగీ కాదు, పంచె

తెరవగానే పాట పాడే పుట్టినరోజు కార్డు ఎప్పుడైనా మీ చేతికొస్తే దాని పొర విప్పి చూడండి. కొన్నిటి లోపల రూపాయి బిళ్ళంత ఇత్తడి రేకు, దాని మీద తెల్లటి పూత ఉంటాయి. పియెజో బిళ్ళ అంటారు. కరెంటు ఇస్తే వణికి చప్పుడు చేస్తుంది. మనమే దాన్ని వణికిస్తే కరెంటు పుట్టిస్తుంది. వేలూరులో రేడియోలు బాగుచేసే ఏ దుకాణంలో అడిగినా కొన్ని రూపాయలకే ఇస్తారు. రెండు తీగలు టంకం వేసి, జాక్ తగిలించి, మగ్గం కొయ్యకు టేపుతో అంటిస్తే అదే మైకు. గాలిలో వచ్చే రొద దీనికి దాదాపు పట్టదు. పక్కింటి టీవీ, వీధిలో హారన్లు, ఎవరో ఎవరినో పిలిచే పిలుపు, ఏవీ వినదు. కొయ్య లోపల ఏం జరుగుతోందో అది మాత్రం వింటుంది. నేరుగా రికార్డర్‌కు తగిలిస్తే రేకు డబ్బా మోగినట్టు పల్చగా ఉంటుంది. మధ్యలో చిన్న ప్రీయాంప్ పెడితేనే తొక్కుడు కర్రల అడుగు మోత పైకొస్తుంది.

గుడియాత్తంలో నేను ఎక్కువగా రికార్డు చేసేది మగ్గాలే. చిత్తూరు జిల్లా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఊరు ఇది. ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం, బజారులో ఉర్దూ. అగ్గిపెట్టెలు, బీడీలు, లుంగీలు ఈ ఊరి పనులు. బీడీ పని దాదాపు మూగది. ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మగ్గం అలా కాదు. నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసే కొయ్య) పరుగు, పలక దెబ్బ, తొక్కుడు కర్ర దిగడం, మళ్ళీ నాడె. బయట నిలబడి వింటే ఇది ఒకే దరువులా అనిపిస్తుంది. కొయ్యకు బిళ్ళ అంటించి వింటే కాదని తెలుస్తుంది. లుంగీకి గళ్ళుంటాయి కదా. అడ్డగీత రంగు మారిన ప్రతిసారీ నేతగాడు ఒక నాడె తీసి పక్కన పెట్టి ఇంకో రంగు నాడె అందుకోవాలి. అక్కడ దరువు ఒక్క క్షణం తెగుతుంది. వెడల్పు గడి అయితే చాలాసేపటికి తెగుతుంది, సన్నగీత అయితే వెంటనే తెగుతుంది. అంటే లుంగీ మీద కంటికి కనిపించే గళ్ళు నేసేటప్పుడే చెవికి వినిపిస్తాయి. ఇది తెలిశాక నేను మగ్గం మీద వేరే తాళం పెట్టడం మానేశాను. తాళం గుడ్డలోనే ఉంది.

ఇలాంటి చప్పుళ్ళను కోసి, అతికించి, ఒకదాని మీద ఒకటి పరిచి కూర్పులు చేయడం నాకు అలవాటు. వాయిద్యం ఉండదు, రాగం ఉండదు. ఇది సంగీతమేనా అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. విని బాగుంటే ఉంచుకోండి, లేకపోతే ఆపేయండి. నాకు ముఖ్యమనిపించిన మాట వేరే ఉంది. అది ఒక నేత పెద్దాయన నోట వచ్చింది. ఒకసారి నాలుగు దెబ్బల ముక్కను తీసుకుని, అదే మళ్ళీ మళ్ళీ వచ్చేలా లూప్ వేసి, దాని చుట్టూ ఒక కూర్పు అల్లి, ఆయన మగ్గం చప్పుడే కదా అని ఆయనకే వినిపించాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. తీసి చేతికిచ్చాడు.

“ఏంది నాయినా, కొడతానే ఉండాడు. రంగు మార్చేది లేదు, గుడ్డ చుట్టేది లేదు. ఇది లుంగీ కాదు, పంచె.”

పంచెకు అంచులు పడుగులో (నిలువు దారాల్లో) ఉంటాయి, పేక (అడ్డదారం) అంతా ఒకే తెలుపు. నాడె మార్చే పని లేదు. నా లూప్ ఏ గుడ్డ నేస్తున్నట్టుందో ఆయన చెప్పేశాడు. అంతటితో ఆగలేదు, “పంచె అయినా మధ్యలో చుట్టుకోవాల కదా” అన్నాడు. కొంత నేశాక మగ్గం ఆపి, నేసిన మేరకు గుడ్డను కర్రకు చుట్టుకుంటేనే ముందుకు నేయగలరు. ఆ ఆగడం నా లూప్‌లో లేదు.

1948లో పారిస్‌లో పియెర్ షెఫెర్ అనే రేడియో ఇంజనీరు చప్పుళ్ళను కోసి కూర్చే ఈ విద్యకు తొలి అడుగు వేసినప్పుడు తీసుకున్నది మగ్గం కాదు, రైలు. బాటిన్యోల్ స్టేషనులో ఆవిరి ఇంజన్ల చప్పుళ్ళు రికార్డు చేసుకుని కొన్ని నిమిషాల కూర్పు చేశాడు. అప్పటికి రేడియో వాళ్ళ పని గ్రామఫోను ప్లేట్ల మీదే. ప్లేటు మీద గాడి తన తోకను తానే కలుసుకునేలా చెక్కితే ముల్లు అక్కడే తిరుగుతూ ఉంటుంది, అదే ముక్క మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ఈనాటి లూప్‌కు అదే తాత. ఆ అక్టోబరులో ఫ్రెంచి రేడియో ఆ రైలు కూర్పును ప్రసారం చేసింది. షెఫెర్ ఇంకో మాట కూడా అన్నాడు, 1966లో వచ్చిన పెద్ద గ్రంథంలో దాన్ని సిద్ధాంతంగా నిలిపాడు. చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోవాలి, దాని ఆకారం, రంగు, బరువు మాత్రమే వినాలి. ఇంజను అని గుర్తొస్తే సంగీతం కాదు, ఇంజనే మిగులుతుంది అని ఆయన భయం.

చెవికి సాముగా ఇది మంచి పద్ధతే. నేనూ చేస్తాను. అయితే దాన్నే నియమంగా పెట్టుకోవడం నాకు నచ్చదు. ఎందుకో చెప్పడానికి గుడియాత్తం సిరసు పండగ చాలు.

మే నెల నడిమధ్య, తమిళ వైకాశి నెల మొదలయ్యే రోజున, తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి గంగమ్మ శిరస్సు ఊరేగింపుగా గోపాలపురం వస్తుంది. అక్కడ గుడిలో మొండేనికి ఆ తలను అమరుస్తారు. రేణుకాదేవి కథ అది. తిరుపతి గంగ జాతర కూడా ఆ రోజుల్లోనే కాబట్టి తెలుగు పాఠకులకు ఆ వేడి తెలిసే ఉంటుంది. పంబలు, పులివేషాలు, కర్రసాము, కిక్కిరిసిన జనం. అన్నిటికన్నా మించినది కొబ్బరికాయలు కొట్టడం. దారి పొడుగునా రోడ్డు మీద విసిరి కొడతారు. ఒకటి రెండు కాదు, రాశులు రాశులు. రికార్డర్‌లో ఏ లెవల్ పెట్టినా ఏదో ఒక దెబ్బకు శబ్దం చిట్లిపోయేది. ఈ మధ్య వచ్చిన 32-బిట్ ఫ్లోట్ రికార్డర్లతో ఆ బాధ చాలావరకు తీరింది.

ఇప్పుడు షెఫెర్ చెప్పినట్టు మూలం మరిచిపోయి ఆ రికార్డింగు వినండి. జనం కేకలు, గట్టివస్తువులు నేల మీద పగలడం, పరుగులు. ఊరు తెలియనివాడికి అది రాళ్ళు రువ్వుకునే గొడవ. నేను ఊరికే అనడం లేదు. పేరు చెప్పకుండా వినిపిస్తే చాలామంది అదే అన్నారు. భక్తితో కొట్టిన కాయను అల్లరిమూక రాయిగా వినిపించే హక్కు నాకు ఎవరిచ్చారు? ఈ దేశంలో, ఈ కాలంలో, పేరు లేని శబ్దం ఏ ఫోనుకు చేరి ఏ మాటతో తిరుగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే నా ఏ కూర్పులోనైనా చప్పుడు పుట్టిన ఊరు, వేళ, పని వినేవాడికి అందేలా ఉంచుతాను. ఎక్కడో ఒకచోట మనిషి గొంతు వినిపిస్తుంది, మగ్గం ఆగుతుంది, ఎవరో టీ అడుగుతారు.

ఈ దారిలో నాకు ముందు నడిచినవాళ్ళు కెనడా వాళ్ళు. ముర్రే షేఫర్ (పేరు దగ్గరగా ఉంది గానీ వేరే మనిషి) తన బృందంతో వాంకూవర్ ఊరి చప్పుళ్ళనే 1973లో రికార్డుగా తెచ్చాడు. ఆ బృందంలో పనిచేసిన హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1990లలో ఢిల్లీ వచ్చి, వీధుల్లో అమ్ముకునేవాళ్ళ కేకలతో ఒక కూర్పు చేసింది. ఆమె ఇప్పుడు మా వీధికి వస్తే ఏం చేసేదో! ఉప్పు, కోడిగుడ్లు, పాత ఇనుము, అన్నిటికీ ఇప్పుడు రికార్డు చేసిన గొంతే. అమ్మేవాడు నోరు విప్పడు, ఆటో మీది స్పీకరు అరుస్తుంది. ఒకే రికార్డింగు పెట్టుకున్న రెండు ఆటోలు సందు మొదట్లో కలిసినప్పుడు ఒక గొంతు కాస్త ముందు, ఇంకో గొంతు కాస్త వెనుక నడుస్తాయి. అమెరికాలో స్టీవ్ రైక్ 1965లో ఒక వీధి బోధకుడి గొంతును రెండు టేపుల మీద ఇలాగే జారవిడిచి పేరు తెచ్చుకున్నాడు. మాకు పాత ఇనుము వాళ్ళు ఉచితంగా వినిపిస్తున్నారు.

మన దేశానికీ ఇందులో చరిత్ర ఉంది. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. గీతా సారాభాయ్ వంటివాళ్ళు అక్కడ చేసిన టేపులు బీరువాల్లో ఉండిపోయి, 2023లో గానీ రికార్డుగా బయటికి రాలేదు. అది ప్రయోగశాల సంగీతం. నా మనసుకు ఇంకా దగ్గరైనది ఉమాశంకర్ మంత్రవాది పని. ప్రాచీన ప్రదర్శన స్థలాల్లో శబ్దం ఎలా తిరుగుతుందో కొలవడానికి ఆయన మైక్రోఫోన్లు తానే తయారు చేసుకున్నాడు. ఆ కృషి చుట్టూ 2020లో బెర్లిన్‌లో ఒక ప్రదర్శన జరిగింది. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు నాగార్జునకొండ రంగస్థలం గుర్తొస్తుంది. సాగర్ నీళ్ళలో మునుగుతుందని దాన్ని అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. మెట్లు వచ్చాయి. ఆ మెట్ల మీదికి శబ్దాన్ని తిప్పి పంపిన లోయ మాత్రం నీళ్ళ కింద ఉండిపోయింది.

వేలూరు కోట దగ్గర ఇంకో రకం పాఠం ఉంది. సాయంత్రం కందకం గట్టు మీద రికార్డర్ పెడితే జలకంఠేశ్వరుడి గుడి గంట, ఊళ్ళోంచి అజాన్, బస్సుల రొద ఒకదాని మీద ఒకటి వస్తాయి. ‘సనాతన’ శబ్దచిత్రం అని మురిసిపోకండి. దేవుడు లేని గుడి అని ఈ ఊరి మీద సామెతే ఉండేది. శివలింగాన్ని తిరిగి ప్రతిష్ఠించింది 1981లో. అంతకు కొన్నేళ్ళ ముందు ఇదే గట్టు మీద మైకు పెట్టినవాడికి ఆ పూజ గంట దొరికేది కాదు. చప్పుడుకు ఊరు ఒక్కటే చాలదు, తేదీ కూడా కావాలి.

అన్ని చప్పుళ్ళూ మనవి కావు. వేలూరు సీఎంసీ ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో బెంగాలీ, హిందీ, అస్సామీ, చిత్తూరు తెలుగు కలిసి వినిపిస్తాయి. అంత విచిత్రమైన కలగలుపు దక్షిణాదిలో తక్కువ చోట్ల దొరుకుతుంది. నేను అక్కడ రికార్డర్ తీయను. దూరం నుంచి జబ్బుతో వచ్చిన మనిషి ఇంటికి ఫోనులో ఏం చెప్పుకుంటున్నాడో నా కూర్పుకు ముడిసరుకు కాకూడదు.

మగ్గం దగ్గర కూడా ఒక లెక్క ఉంది. నేతగాడికి కూలి నేసిన గుడ్డల లెక్కన వస్తుంది. “ఇంకోసారి కొట్టండి మామా, సరిగ్గా పడలేదు” అంటే అది ఆయన సంపాదనలోంచి తీసుకున్న సమయం. డబ్బులిచ్చి తీసుకోవాలి, లేదా నోరు మూసుకుని ఆయన పని ఆయన చేసుకుంటుంటే దొరికినదే రికార్డు చేసుకోవాలి. యంత్రాల హోరులో కొత్త సంగీతం ఉందని 1913లో ఇటలీలో లుయిజీ రుస్సోలో ప్రకటన రాశాడు. ఆయన్ని ఒక్కసారి పవర్‌లూమ్ షెడ్డులో పూర్తి షిఫ్టు నిలబెట్టి ఉంటే బాగుండేది. అక్కడ పనివాళ్ళు సైగలతో మాట్లాడుకుంటారు, ఇంటికొచ్చాక టీవీ సౌండు పెంచుకుంటారు. పవర్‌లూమ్ రొదను నేనూ రికార్డు చేస్తాను, కూర్పులో పెడతాను. దాన్ని అందంగా వినిపించడానికి మాత్రం నా చెయ్యి రాదు.

ఊరు, తేదీ, పని తెలిసినా చప్పుడు ఎంత పెద్దదో రికార్డింగు చెప్పకపోవచ్చు. పాలమనేరు వైపు కొండల్లోంచి వచ్చే కౌండిన్య నది మా ఊరి గుండా పోయి పాలారులో కలుస్తుంది. ఏడాదిలో చాలాకాలం ఇసుకే. 2021 నవంబరులో అది పొంగినప్పుడు జనం ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. అవి వింటే వరద, కుళాయి ఒకే స్థాయిలో ఉంటాయి. పెద్ద చప్పుడును తగ్గించి, చిన్న చప్పుడును పెంచడం ఫోను స్వభావం. భయం ఎంత పెద్దదో ఆ ఫైలు చెప్పదు. మనమే చెప్పాలి.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లోనో వీధిలోనో రోజూ జరిగే ఒక పనిని, అది ఇడ్లీ పిండి రుబ్బడమైనా సరే, ఇస్త్రీ బండి అయినా సరే, ఐదు నిమిషాలు ఫోనులో రికార్డు చేయండి. మధ్యలో ఆగితే ఆగనివ్వండి, కోయకండి. చివర్లో మీ గొంతుతో ఊరు, తేదీ, వేళ, ఏం పని, ఎంత పెద్దగా వినిపిస్తోందో చెప్పండి. ఆ పని చేసినవాళ్ళకే మొదట వినిపించండి. వాట్సాప్‌లో వాయిస్‌గా పంపితే కుదించేస్తుంది, అసలు ఫైలు వేరుగా దాచుకోండి.